వార్త నిజం, బొమ్మ అబద్ధం

(డిజిటల్ డెస్కుల్లో పనిచేసేవారికి, జర్నలిజం విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పక్కన పెట్టి తెర మీదికి వెళ్దాం.

ఇది అపోఫిస్ గ్రహశకలం గురించి మన భాషలో తరచూ కనిపించే తరహా థంబ్‌నైల్, అంటే లింకు మీదో వీడియో మీదో కనిపించే బొమ్మ. ఏ ఒక్క చానల్‌దీ కాదు, ఆ తరహాకి నమూనాగా చేయించింది. ఎడమ పక్క భూగోళం. కుడి పక్కనుంచి మంటలు కక్కుతూ దూసుకొస్తున్న బండ. దాని సైజు భూమిలో పావు వంతు. కింద ఎర్ర పట్టీ మీద పసుపు అక్షరాలతో ‘2029 ఏప్రిల్ 13’. అంతే.

అక్షరాల్లో అబద్ధం లేదు. ఆ రోజున అపోఫిస్ నిజంగానే మన పక్కనుంచి వెళ్తుంది, భూమి ఉపరితలానికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో. లోపల వ్యాసంలో ఆ సంగతీ ఉంటుంది, కనీసం వందేళ్లపాటు అది ఢీకొనే ప్రమాదం లేదని నాసా 2021లో తేల్చిన సంగతీ ఉంటుంది. రాసినవాళ్లు బాగానే రాశారు.

ఇప్పుడు బొమ్మ లెక్క చూద్దాం. అపోఫిస్ అడ్డుకొలత సుమారు 340 మీటర్లు. భూమిది 12,742 కిలోమీటర్లు. థంబ్‌నైల్ వెడల్పు 1280 పిక్సెళ్లు, అందులో సగం, అంటే 640 పిక్సెళ్లు భూమికి ఇచ్చారు. అదే కొలతలో గీస్తే అపోఫిస్ 0.017 పిక్సెల్ వస్తుంది. ఒక చుక్కలో దాదాపు అరవయ్యో వంతు. తెర మీద చూపించడమే కుదరదు. మన బొమ్మలో మాత్రం అది 160 పిక్సెళ్లుంది. అంటే తొమ్మిది వేల రెట్లకు పైగా పెంచారు. గోరు ఒక సెంటీమీటరనుకుంటే దాన్ని తొంభై మీటర్ల గుట్ట చేసినట్టు. గోరంతను కొండంత చేయడం అనే మాటకి ఇంత కచ్చితమైన కొలత దొరకడం అరుదు.

సైజు కంటే మంట ఇంకా పెద్ద అబద్ధం. రాయి మండాలంటే గాలి కావాలి. 32 వేల కిలోమీటర్ల ఎత్తులో రాయిని మండించేంత గాలి లేదు. మంట గీశారంటే రాయి వాతావరణంలోకి వచ్చేసిందని చెప్పినట్టే. వాతావరణంలోకి వచ్చిందంటే పడుతోందని. వ్యాసం ‘పడదు’ అంటోంది, బొమ్మ ‘పడుతోంది’ అంటోంది.

దీన్ని తప్పుడు సమాచారం అనవచ్చా? అనవచ్చనే నా జవాబు. కానీ ఎందుకు అనవచ్చో గట్టిగా చెప్పుకోకపోతే ఆకట్టుకునే ప్రతి బొమ్మ మీదా ఇదే ముద్ర వేసేస్తాం. అదీ మంచిది కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ విషయం మీద పనిచేసేవాళ్లకి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. ఫస్ట్ డ్రాఫ్ట్ అనే సంస్థ తరఫున క్లేర్ వార్డిల్ 2017లో తప్పుడు, వక్ర సమాచారాన్ని ఏడు రకాలుగా విడగొట్టారు. ఫొటో మార్చేయడం, లేనిది పుట్టించడం, ఇంకొకరి పేరు పెట్టుకోవడం లాంటివి అందులో ఉన్నాయి. వాటితోపాటు ‘ఫాల్స్ కనెక్షన్’ అనే రకం కూడా ఉంది. శీర్షిక, దృశ్యం, క్యాప్షన్ ఈ మూడింట్లో ఏదైనా లోపలి విషయంతో పొసగకపోతే అది ఆ గంపలో పడుతుంది. బ్రిటన్‌లో ఇప్సో అనే పత్రికల నియంత్రణ సంస్థ అమలు చేసే నియమావళి మొదటి నిబంధనే ఇది: కచ్చితం కాని, తప్పుదోవ పట్టించే, వక్రీకరించిన సమాచారం గానీ చిత్రాలు గానీ ప్రచురించకుండా జాగ్రత్తపడాలి. ‘చిత్రాలు’ అన్న మాట అక్కడ విడిగా ఉంది. మన ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాలు శీర్షిక దాని కింద అచ్చయిన విషయానికి తగ్గట్టు ఉండాలంటాయి. ఈ రోజు థంబ్‌నైల్ చేస్తున్నది శీర్షిక పనే కాబట్టి, ఆ నియమం దానికీ వర్తించాలన్నది నా అభిప్రాయం.

‘మేం కావాలని చేయలేదు’ అనేది తరచూ వినిపించే సమాధానం. ఉద్దేశం ఉందా లేదా అన్నది చేసినవాళ్లని ఎంత తప్పుపట్టాలో చెబుతుంది. పాఠకుడి తలలోకి ఏం వెళ్లిందో చెప్పదు.

రెండో సమాధానం ఇంకా బలమైనది: ‘లోపల అంతా రాశాం కదా, ఫొటో కింద ప్రతీకాత్మక చిత్రం అని కూడా పెట్టాం కదా’. దీనికి జవాబు నీతిలో కంటే పేజీ నిర్మాణంలో దొరుకుతుంది.

మీరు పేజీలో పెట్టే క్యాప్షన్ ఫొటో ఫైలులో భాగం కాదు, ఫొటో కింద ఉండే వేరే వాక్యం. లింకును వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పంపినప్పుడు ఆ యాప్ మీ పేజీ మొత్తం తీసుకోదు. పేజీ కోడ్ తలభాగంలో ఓజీ (ఓపెన్ గ్రాఫ్) ఇమేజ్, ఓజీ టైటిల్, ఓజీ డిస్క్రిప్షన్ అని ట్యాగులుంటాయి, షేర్ చేసినప్పుడు ఏ బొమ్మ, ఏ శీర్షిక, ఏ వివరణ చూపాలో చెప్పేవి. ప్రధానంగా వాటిలో ఉన్నవే తీసుకుని లింకు కింద కనిపించే కార్డు కడుతుంది. క్యాప్షన్ కోసం ఆ కార్డులో గడి లేదు. ప్రతీకాత్మక చిత్రం అన్న మాట ఇంట్లోనే ఉండిపోయింది, బొమ్మ ఒక్కటే ఊరేగింది. 2023 అక్టోబరులో ఎక్స్ ఇంకో అడుగు ముందుకేసి లింకుల కింద శీర్షికను కూడా తీసేసింది. బొమ్మ, మూలన సైటు పేరు, అంతే మిగిలాయి. కొన్ని వారాల తర్వాత శీర్షికను చిన్న అక్షరాలతో బొమ్మ మీదికి తెచ్చారు. మధ్యలో ఆ కొన్ని వారాలూ అక్కడ బొమ్మే వార్త.

తర్వాత కత్తిరింపు. ఫేస్‌బుక్ కార్డుకు సూచించే కొలత 1200 బై 630. మీరు నిలువు ఫొటో ఇస్తే పైనా కిందా పోతాయి. కింద మూలన ‘ఊహాచిత్రం’ అని వేసి ఉంటే ముందు పోయేది అదే. యూట్యూబ్‌లో కింద కుడి మూల మీద వీడియో నిడివి అచ్చవుతుంది, అక్కడ పెట్టిన లేబుల్ దాని వెనక దాక్కుంటుంది. కొందరు తెలిసే అక్కడ పెడతారని నా అనుమానం.

అదంతా సరే, లోపల చదివినవాళ్లకైనా నిజం అందుతుంది కదా అంటారా? పూర్తిగా అందదు. వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో ఉల్రిచ్ ఎకర్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఇవే చూశాయి. వ్యాసంలో వివరాలు సరిగానే ఉన్నా, తప్పుదోవ పట్టించే శీర్షిక పాఠకులు తర్వాత గుర్తుపెట్టుకున్న తీరును, చేసుకున్న ఊహను వంచింది. శీర్షిక ఒకరి గురించీ ఫొటో ఇంకొకరిదీ అయితే, ఫొటోలో ఉన్న మనిషి మీద అభిప్రాయం కూడా శీర్షిక వైపు ఒరిగింది. ఎరిన్ న్యూమన్ బృందం 2012లో మరో సంగతి చూపించింది. ‘మకడేమియా గింజలు, పీచ్ పండ్లు ఒకే కుటుంబానికి చెందినవి’ లాంటి వాక్యం పక్కన ఉత్త గింజల ఫొటో పెట్టారు. ఆ ఫొటో దేన్నీ రుజువు చేయదు. అయినా ఫొటో ఉన్నప్పుడు ‘నిజమే’ అన్నవాళ్లు పెరిగారు. ఏ సాక్ష్యమూ ఇవ్వని మామూలు ఫొటోకే ఆ బరువుంటే, మండుతున్న బండకు ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు గీత ఎక్కడ గీయాలన్నది చూద్దాం. పాఠకుడు వార్త దగ్గరికి కొన్ని ప్రశ్నలతో వస్తాడు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎలా ఉంటుంది. బొమ్మ వీటిలో ఏ ఒక్కదానికైనా జవాబిస్తే అది అలంకారం కాదు, వాంగ్మూలం. ఆ జవాబు వ్యాసంలోని జవాబుకి విరుద్ధమైతే అది తప్పుడు సమాచారం.

‘ఎవరు’ అన్న ప్రశ్న దగ్గర పాత కేసు 1994 జూన్ 27 నాటి అమెరికా పత్రిక టైమ్ ముఖచిత్రం. హత్య కేసులో అరెస్టయిన మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు ఓజే సింప్సన్ పోలీసు ఫొటోను ఆ పత్రిక బాగా నల్లబరిచి, నీడలు పెంచి వేసింది. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫొటోను మార్చకుండా వేసింది. రెండూ దుకాణంలో పక్కపక్కనే కనబడేసరికి అమెరికాలో పెద్ద దుమారం లేచింది. టైమ్ లోపలి పేజీలో ‘ఫొటో ఇలస్ట్రేషన్’ అని రాసే ఉంది. ముఖచిత్రం చూసినవాళ్లలో ఆ పేజీ తిప్పినవాళ్లెందరు? మన ప్రతీకాత్మక చిత్రం కథే, ముప్పై ఏళ్ల ముందు.

అదే పత్రిక 2018 జులై 2 సంచిక ముఖచిత్రం మీద ట్రంప్ ఎదుట ఏడుస్తున్న హోండురస్ చిన్నారిని నిలబెట్టింది. అమెరికా సరిహద్దులో వలస వచ్చినవారి పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీస్తున్న రోజులవి. ఆ పాపను మాత్రం తల్లి నుంచి విడదీయలేదని తర్వాత తేలింది. విడదీతలు నిజం, పాప కన్నీళ్లు నిజం, గెటీ ఫొటోగ్రాఫర్ జాన్ మూర్ తీసిన అసలు ఫొటోకు 2019లో వరల్డ్ ప్రెస్ ఫొటో అవార్డు కూడా వచ్చింది. పత్రిక ఆ ముఖచిత్రాన్ని సమర్థించుకుంది, ఆ పాప ఒక ప్రతీక అంది. నేను ఒప్పుకోను. గుర్తుపట్టగలిగే మనిషి ముఖం పెట్టాక ఆమె కథే వార్త అవుతుంది, దాన్ని ఉత్త ప్రతీకగా వాడుకోవడం కుదరదు.

2022లో మంకీపాక్స్ యూరప్, అమెరికాల్లో వ్యాపిస్తుంటే చాలా సంస్థలు పాత ఫొటో లైబ్రరీ నుంచి నల్లజాతివారి చర్మం మీద పొక్కుల బొమ్మలు తీసి పెట్టాయి. ఆఫ్రికాలోని విదేశీ పాత్రికేయుల సంఘం అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. అక్కడ దురుద్దేశం అక్కర్లేదు. లైబ్రరీలో ఆ పేరు కొడితే వచ్చే ఫొటోలు అవే. జబ్బు పేరుతో వెతికారు గానీ జబ్బు ఎక్కడుందో చూడలేదు.

‘ఎలా ఉంటుంది’ అన్నదానికి ఖగోళ వార్తలు చక్కటి ఉదాహరణ. 2017 ఫిబ్రవరిలో ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చుట్టూ భూమి సైజు గ్రహాలు ఏడున్నాయని నాసా ప్రకటించింది. దాదాపు 40 కాంతి సంవత్సరాల దూరం. గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది. శాస్త్రవేత్తలకు దొరికింది ఆ తగ్గుదల గీతలే. నీళ్లూ మంచూ రంగురంగుల గోళాలూ చిత్రకారులు గీసినవి. నాసా ఆ మాట స్పష్టంగానే చెప్పింది. కార్డుల్లో మాత్రం ఆ బొమ్మ ఫొటోలా తిరిగింది. ఆ గ్రహాల నేలను ఈ రోజుకీ ఎవరూ చూడలేదు.

ఇవన్నీ దూరపు సంగతులు. మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చే రకం ఒకటుంది, పాము వార్తలు. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

కట్లపాము కాటు గురించి వ్యాసం రాశారనుకోండి. బాగానే రాశారు: రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, గాటు కనిపించకపోవచ్చు, తర్వాత కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, ఆపైన ఊపిరి అందకపోవడం. ఇప్పుడు పైన బొమ్మ: పాదం మీద రెండు ఎర్రటి రంధ్రాలు, కారుతున్న రక్తం, పక్కన పడగ విప్పిన నాగుపాము. చూపు ఆగుతుంది, నిజమే. కానీ ఆ బొమ్మ నేర్పేదేమిటి? పాము కరిస్తే రెండు గాట్లు పడతాయి, రక్తం వస్తుంది, అవి లేకపోతే భయం లేదు. కట్లపాము కాటుతో చనిపోయేవాళ్ల విషయంలో జరిగే పొరపాటు సరిగ్గా ఇదే. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, గాటు కనబడలేదు కదా అని ఆసుపత్రికి వెళ్లరు.

రెండో తప్పు పాము ఫొటోదే. లైబ్రరీలో ‘కట్లపాము’ అని ఉన్న ఫొటోల్లో వుల్ఫ్ స్నేక్ ఫొటోలు కలిసిపోయి ఉంటాయి. అది విషం లేని పాము, ఇళ్లలోకి వస్తుంటుంది, చూడ్డానికి కట్లపాములాగే పట్టీలుంటాయి. తేడా పట్టుకోవడం ఇలా. కట్లపాము పట్టీలు సన్నగా, తెల్లగా, చాలాసార్లు జంటలుగా ఉంటాయి, తోక వైపు స్పష్టం, తల దగ్గర మసక లేదా అసలు లేవు. వుల్ఫ్ స్నేక్‌కి అటుది ఇటు: మెడ దగ్గర్నుంచే వెడల్పుగా మొదలై తోకకు వెళ్లేసరికి మాయమవుతాయి. ఫొటో దగ్గరగా ఉంటే వెన్ను మధ్య వరస చూడండి, కట్లపాముకి అక్కడి పొలుసులు మిగతావాటి కంటే పెద్దవి, ఆరు మూలలవి. ఈ రెండూ మారిస్తే ఏమవుతుంది? వుల్ఫ్ స్నేక్‌ని కట్లపాము అని చూపిస్తే ఒక అమాయకపు పాము చస్తుంది. కట్లపామునే విషం లేనిదని చూపిస్తే మనిషి చస్తాడు.

మూడోది, కాలికి గట్టిగా తాడు కట్టి ఉన్న బొమ్మ. లోపల ‘తాడు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి’ అని ఉంటుంది. పైన మాత్రం ఆ తాడే. ప్రథమ చికిత్స వార్తకి ‘చేయకూడని పని’ బొమ్మ పెట్టాల్సి వస్తే దాని మీద అడ్డంగా పెద్ద ఎర్ర ఇంటూ మార్కు బొమ్మలోనే వేయాలి. క్యాప్షన్‌లో రాస్తే చాలదు, కారణం ఇందాకే చెప్పుకున్నాం. టీకా వార్తలకి బారెడు సూది పెట్టడం కూడా ఈ కోవే. పసిపిల్లలకిచ్చే చాలా టీకాల మోతాదు 0.5 మిల్లీలీటరు, ఫొటోలో ఉండేది 20 మిల్లీలీటర్ల సిరంజి.

ఇక ఏది తప్పుడు సమాచారం కాదో చెప్పాలి. బడ్జెట్ వార్తకి నాణేల దొంతర, ధరల వార్తకి ఉల్లిపాయల బుట్ట, రాజకీయ వ్యాసానికి కార్టూన్, ఇవేవీ కావు. కార్టూన్‌లో నాయకుడి ముక్కు బారెడుంటే అతని ముక్కు బారెడని ఎవరూ నమ్మరు. గీసిన బొమ్మ గీసినట్టే కనిపించడం దాని నిజాయితీ. రంగులు, వెలుగు, పెద్ద ముఖం, పసుపు అక్షరాలు, ఇవి కంటిని లాగే పనిముట్లు. వాటిని నేరం అనను. విసుగు పుట్టించే బొమ్మ పెట్టి నిజాన్ని ఎవరూ చూడకుండా చేయడం వృత్తి ధర్మమేమీ కాదు. మధ్యలో మసక జాగా ఉంది. వడగాలుల వార్తకి సముద్రతీరంలో కేరింతలు కొడుతున్న పిల్లల ఫొటో ఉందనుకోండి. మనిషీ నిజం, చోటూ నిజం, రోజూ నిజం. అయినా ఎండదెబ్బ ప్రాణాలు తీస్తుందన్న వార్త మూడ్‌ని అది తిరగేస్తుంది. 2019 యూరప్ వడగాలుల వార్తల్లో ఈ ధోరణిని సాఫ్రన్ ఓనీల్ బృందం పరిశీలించింది. నేను దాన్ని అసత్యమనను, చెడ్డ ఎంపిక అంటాను. ఈ రెండింటినీ కలిపేస్తే అసలు అబద్ధం మీద మాట్లాడే బలం పోతుంది.

అటు చివర పూర్తి మోసం ఉంది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీకి చెందిన ఫ్యాక్ట్ చెక్ విభాగం బయటపెట్టిన మూడు యూట్యూబ్ చానళ్లు థంబ్‌నైళ్ల మీద టీవీ చానళ్ల లోగోలు, యాంకర్ల ఫొటోలు వేసుకుని తమదే అసలు వార్తన్నట్టు నమ్మించాయి. మూడింటికీ కలిపి దాదాపు 33 లక్షల సబ్‌స్క్రైబర్లు, 30 కోట్లకు పైగా వీక్షణలు. వాటికి లోపలి సరుకూ అబద్ధమే. 2024 డిసెంబరులో యూట్యూబ్ ప్రకటించిన చర్య మాత్రం సరిగ్గా మన ప్రశ్న మీదే. టైటిల్‌లోనో థంబ్‌నైల్‌లోనో చెప్పింది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, వీడియో తీసేస్తామంది. దాన్ని మొదలుపెట్టింది మన దేశంతోనే. దీన్ని గౌరవంగా తీసుకోవాలో లేదో మీ ఇష్టం.

డెస్కులో చేయాల్సింది చెబుతాను. కథనం చదవని సహోద్యోగికి కార్డు మాత్రమే మూడు సెకన్లు చూపించండి. ‘ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎంత పెద్దది’ అని అడగండి. చెప్పిన జవాబుల్లో ఒక్కటి కథనంతో కొట్లాడినా బొమ్మ మార్చండి. రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉంటే ఈ పరీక్ష కుదరదు, అప్పుడు ఫోన్‌లో మీకు మీరే లింకు పంపుకుని చూడండి. డెస్క్‌టాప్ తెర మీద చూసి సరే అనుకోవద్దు.

లేబుల్ బొమ్మలోనే వేయండి, పై ఎడమ మూలన, అంచు నుంచి కాస్త లోపలికి. 1280 పిక్సెళ్ల బొమ్మ ఫోన్‌లో 320 దగ్గర కనబడితే నాలుగో వంతు అయినట్టు. 40 పిక్సెళ్ల అక్షరం 10 అవుతుంది, ఇంగ్లీషైతే ఎలాగో చదవొచ్చు, మన ఒత్తులు అలుక్కుపోతాయి. 64కి తగ్గొద్దు. ‘ప్రతీకాత్మక చిత్రం’ పొడవు, ‘ఊహాచిత్రం’, ‘పాత ఫొటో’ పొట్టివి, అర్థమూ సూటిగా ఉంటుంది. పాత ఫొటోకి ఏడాది కూడా వేయండి. తుఫాను రోజున 2014 హుద్‌హుద్ నాటి విశాఖ ఫొటో ‘ఫైల్ ఫొటో’ అన్న మాటతో పెడితే చాలదు, ‘2014’ అని కనబడాలి. ఉపగ్రహ చిత్రమైతే సుడి దిక్కు చూడండి. బంగాళాఖాతంలో తుఫాను గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతుంది. ముల్లు దిశలో తిరుగుతుంటే అది దక్షిణార్ధగోళంలోది, లేదా ఎవరో బొమ్మను అద్దంలోలా తిప్పేశారు.

ఇంకో చోట చాలామంది జారతారు. ఓజీ ఇమేజ్ విడిగా ఇవ్వకపోతే మీ సాఫ్ట్‌వేర్ పేజీలో మొదట దొరికిన ఫొటో తీసుకోవచ్చు. నేర వార్తలో మొదటి ఫొటో ఫిర్యాదుదారుడిదైతే, ‘హంతకుడు అరెస్ట్’ అన్న శీర్షిక పక్కన ఆయన ముఖం ఊరంతా తిరుగుతుంది. ఎవరూ తప్పు చేయలేదు, తప్పు మాత్రం జరిగిపోయింది.

ఏఐ బొమ్మల గురించి ఒక్క మాట. నిజమైన ఘటనకి ఫొటోలా కనిపించే ఏఐ బొమ్మ వద్దు, లేబుల్ వేసినా వద్దు. ఏఐతో చేసిందని చెప్పే, ఫైలులో దాగి ఉండే గుర్తులు వాట్సాప్ దాటేసరికి ఊడిపోవచ్చు. గీత బొమ్మలా గీయించుకుంటే అభ్యంతరం లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మంట తీసేస్తే క్లిక్కులు పడిపోతాయి సార్, మేనేజ్‌మెంట్‌కి ఏం చెప్పాలి?)

పడిపోవచ్చు, కాదనను. వట్టి చేతులతో వెళ్లి వద్దనకండి, రెండో బొమ్మ తీసుకెళ్లండి. అపోఫిస్‌కి నేనైతే భూమిని, భూమి చుట్టూ భూస్థిర ఉపగ్రహాల కక్ష్యను, ఆ కక్ష్యకి లోపలి నుంచి వెళ్లే అపోఫిస్ దారిని గీయిస్తాను. భూస్థిర కక్ష్య సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తు, అపోఫిస్ వచ్చేది 32 వేలకు. మన టీవీ ఉపగ్రహాల కంటే దగ్గరగా వస్తోందన్నది అబద్ధం లేకుండానే కళ్లు తిప్పుకోనివ్వని సంగతి.

(సభలోంచి: బొమ్మ తప్పని తర్వాత తెలిస్తే?)

మార్చి ఊరుకోవద్దు. కొత్త ఫొటోను కొత్త ఫైలు పేరుతో ఎక్కించండి, పాత పేరుతో ఎక్కిస్తే యాప్‌లు దాచుకున్న పాతదే చూపిస్తుంటాయి. ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గర్ అనే పనిముట్టులో లింకు పెట్టి మళ్లీ స్క్రేప్ చేయించండి, అంటే పేజీని కొత్తగా చదివించండి. అప్పటికే వాట్సాప్‌లో వెళ్లిపోయిన కార్డులు మారవు, బొమ్మ ఆ మెసేజ్‌తోనే వెళ్లిపోయింది. అందుకని కథనం పైనే, మొదటి పేరాకి ముందు, ఏది తప్పో పేరు పెట్టి రాయండి: ‘ఈ కథనానికి ముందు పెట్టిన ఫొటోలోది కట్లపాము కాదు, విషం లేని వుల్ఫ్ స్నేక్. ఫొటో మార్చాం’ అని, తేదీ, సమయంతో. ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మాత్రం రాయకండి.